పైన రాసిన పేరు

ఒకే ఫైల్లో ఒకే సంగతిని రెండు చోట్ల రెండు రకాలుగా రాస్తే కంప్యూటరు దేన్ని నమ్మాలి? ఆ వారమంతా నన్ను పట్టుకుని వదలని ప్రశ్న ఇదే. నా ఉద్యోగం అలాంటిది మరి. సాఫ్ట్‌వేరు తయారుచేసేవాళ్ళు వేరే ఉంటారు. దాన్ని ఎలా వాడాలో మామూలు మనుషులకు అర్థమయ్యేలా రాసిపెట్టడం నా పని. మార్టూరులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి ఈ పని చేస్తాను.

ఈసారి నా మీద పడింది వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేరు. పేరు చూసి బెదరక్కర్లేదు. ఒక ఫైలును ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో పేరుతో సహా రికార్డులో దాచిపెట్టి, కావాలంటే పాత ప్రతిని తీసి చేతిలో పెడుతుంది. అంతే. ఎవరి పేరు రాసుకోవాలో దానికి మనం ముందే చెప్పాలి. అందుకో సెట్టింగుల ఫైలు ఉంటుంది. ఆ ఫైల్లో ఏది ఎలా రాయాలో తెలుగులో నాలుగు పేజీలు రాయమన్నారు. బ్రాకెట్లలో విభాగం పేరు, దాని కింద సంగతి, సమానం గుర్తు, విలువ. ఇలాగన్నమాట:

[యూజర్]
    నేమ్ = సాజిదా

అసలు ఫైల్లో ఇదంతా ఇంగ్లీషులో ఉంటుంది. హాష్ గుర్తు పెట్టి ఆ వరసలో ఏం రాసుకున్నా కంప్యూటరు పట్టించుకోదు. అది మనుషులు మనుషుల కోసం రాసుకునే వరస. హాష్ బదులు సెమికోలన్ పెట్టినా అంతే. ఒకే పనికి రెండు గుర్తులెందుకని ఒక పూటంతా వెతికాను. కోడిగుడ్డుకు ఈకలు పీకడం నీకే చెల్లిందని మా అమ్మ కరీమున్ అంటుంది. అననీ. ఆ ఈకలు పీకుతున్నందుకే నాకు జీతమిస్తున్నారు.

ఇంతకీ మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. ఒకే సంగతిని రెండుసార్లు రాస్తే కింద ఉన్నదే చెల్లుతుంది. కంప్యూటరు పై నుంచి చదువుకుంటూ వస్తుంది. చివరికి ఏది కనిపిస్తే దాన్నే పట్టుకుంటుంది. ఈ ఒక్క వాక్యం రాస్తే మా పై అధికారి ప్రేమ్‌చంద్ కొట్టేశాడు. "బుద్ధున్నవాడెవడైనా తన పేరు రెండుసార్లు రాసుకుంటాడా? తీసెయ్" అన్నాడు ఫోన్లో. నాకు ఒళ్ళు మండింది. కానీ చూపించడానికి నా దగ్గర ఉదాహరణ లేదు. అలా రాసేవాడు ఎక్కడున్నాడా అని వెతుకుతుండగా, శనివారం పొద్దున మా మావయ్య మాబు వచ్చాడు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. ఇరవయ్యారేళ్ళ నుంచి బుల్లయ్యగారి గ్రానైటు ఫ్యాక్టరీలో కోత మెషిను నడుపుతున్నాడు. చీమకుర్తి నుంచి లారీలో బండరాయి దిగితే చేత్తో తట్టి, లోపల పగులుందో లేదో చెప్పగలడు. ఆ మనిషి ఆ రోజు చెప్పులు కూడా విప్పకుండా గడప దగ్గరే నిలబడిపోయాడు.

"సోమవారం నుంచి రావద్దన్నాడమ్మాయ్, బుల్లయ్యగారు" అన్నాడు.

అమ్మ నెత్తి కొట్టుకుంది. నేను కుర్చీ లాగి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా అంతా రాబట్టాను.

సంగతి ఇది. రాతిపలకలు ఎంత మందం కొయ్యాలి, బ్లేడు ఎంత వేగంగా దిగాలి అన్న అంకెలన్నీ ఆ మెషిను కంప్యూటర్లో ఒక ఫైల్లో ఉంటాయి. మార్చి నెలలో బెంగళూరు నుంచి ఓ ఇంజనీరు వచ్చి, ఆ ఫైలుకు కాపలాగా వెర్షన్ కంట్రోల్ పెట్టిపోయాడు. ఎవరు అంకె మార్చి బటన్ నొక్కినా పేరు రికార్డవుతుంది. సెప్టెంబరు ఇరవై మూడు మధ్యాహ్నం రెండూ ఇరవైకి ఎవరో మందం ఇరవై మిల్లీమీటర్ల నుంచి పద్దెనిమిదికి మార్చారు. ఒక లారీ లోడు పలకలు పలచగా వచ్చాయి. కొన్నవాళ్ళు వెనక్కి పంపారు. రికార్డు తీయిస్తే మాబు అని వచ్చింది.

"రెండింటికి నా డ్యూటీ అయిపోయింది. టీ తాగి బండి తీస్తన్నా. నేను మార్చలేదంటే, మడిసి అబద్ధం చెప్తాడుగానీ మిషను చెప్తదా అన్నాడు" అన్నాడు మావయ్య. "ఇరవయ్యారేళ్ళమ్మా. ఒక్క పలక కూడా నా చేతిలో కొలత తప్పలా."

నాకు జాలి, కోపం రెండూ వచ్చాయి. నిజం చెప్పొద్దూ, వాటి వెనకాల కుతూహలం కూడా వచ్చింది. నాలుగు పేజీలు రాస్తున్న సాఫ్ట్‌వేరు మా ఊళ్ళో మా మావయ్య పొట్ట కొడుతోందంటే ఎలా ఊరుకుంటాను?

"పేరు రాసుకునే ఫైలు ఒకటుంటుంది మావయ్యా. అది కావాలి నాకు."

"నాగజ్యోతిని అడుగుదాం" అన్నాడు.

నాగజ్యోతి పర్చూరు అమ్మాయి. ఆ ఫ్యాక్టరీలో కంప్యూటరు దగ్గర కూర్చుని ఆర్డర్లు ఎక్కిస్తుంది. మెషిను ఉన్న షెడ్డుకీ ఆమె గదికీ మధ్య ఒక కిటికీయే అడ్డం. మావయ్య ఫోను చేస్తే ఎందుకని కూడా అడక్కుండా పావుగంటలో వాట్సాప్‌లో ఫైలు పంపింది.

మామూలుగా ఆ ఫైలు పది వరసలకు మించదు. తెరిచి చూద్దును కదా, వెయ్యికి పైనే ఉన్నాయి! నేను లాప్‌టాప్ పాడైందేమోనని ఇంకోసారి తెరిచాను. అవే వరసలు.

# 4-10 పగలు, మాబు
[యూజర్]
    నేమ్ = మాబు
# 3-10 సాయంత్రం, హయాత్
[యూజర్]
    నేమ్ = హయాత్
# 3-10 పగలు, మాబు
[యూజర్]
    నేమ్ = మాబు

ఇలా కిందికి, ఇంకా కిందికి, ఏడు నెలలు. కొన్నిచోట్ల "వాన", "కరెంటు పోయింది", "బ్లేడు మార్చాం" అని కూడా రాసుకున్నారు. పన్నెండేళ్ళ చదువూ ఆరేళ్ళ ఉద్యోగమూ పెట్టుకుని నేను ఇలాంటి సెట్టింగుల ఫైలు ఎన్నడూ చూడలేదు.

"ఇదేంటి మావయ్యా? రోజూ రాశారా?"

"రాయకపోతే ఎట్టా?" అన్నాడు, ఆశ్చర్యపోవడం తన వంతు అన్నట్టు. "ఆ ఇంజనీరు ఇక్కడ పేరు రాయాలన్నాడు. డ్యూటీ ఎక్కినోడల్లా రాస్తన్నాం. హాష్ పెట్టి తారీకు రాసుకోవచ్చని కూడా ఆయనే చెప్పాడు."

"పాత పేరు తీసేసి రాయాలి కదా!"

మావయ్య నన్ను చూసిన చూపు చూడాలి. పక్కింటివాళ్ళ గొలుసు తెంపుకు రమ్మన్నట్టు చూశాడు.

"కింది పేరు చెరుపుతారా ఎవరన్నా?"

అప్పుడు చెప్పాడు. బండరాయి మీద మొదట క్వారీవాడు రంగుతో తన గుర్తు వేస్తాడట. లారీ ఎక్కించినవాడు దాని పైన తన గుర్తు వేస్తాడు. ఫ్యాక్టరీలో దించుకున్నవాడు ఇంకా పైన. అన్నిటికన్నా పైన ఎవరి గుర్తుంటే రాయి వాళ్ళ చేతిలో ఉన్నట్టు, దానికేమైనా అయితే పూచీ వాళ్ళది. కింది గుర్తు చెరిపితే దొంగతనం కిందే లెక్క. పనిలో చేరిన కొత్తలో మావయ్య తెలియక ఒక గుర్తు తడిగుడ్డతో తుడిస్తే, మేస్త్రీ వారం రోజులు పన్లోకి రానివ్వలేదట. షెడ్డు గోడ మీద డ్యూటీ పలకలో కూడా అంతే. దిగిపోయేవాడి పేరు మీద ఎక్కేవాడి పేరు. పలక నిండాక మేస్త్రీ ఒక్కడే తుడవాలి.

నేను గబగబా ఫైలు అడుక్కి వెళ్ళాను. అన్నిటికంటే కింద, మార్చి ఏడు, పగలు, మాబు. మొట్టమొదట డ్యూటీ ఎక్కినవాడు మావయ్యే.

అంతే. నాకు నవ్వాగలేదు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. అమ్మ కసిరింది, తమ్ముడి ఉద్యోగం పోతే ఇకిలింపులేమిటని.

"కంప్యూటరు కిందున్నదే నమ్ముతుంది మావయ్యా! మీరందరూ పైన రాసుకుంటూ పోయారు. అది మాత్రం అడుగున ఉన్న మార్చి ఏడో తేదీ మాబునే పట్టుకుని కూర్చుంది. ఏడు నెలల నుంచి ఎవరు ఏం మార్చినా నీ పేరే!"

నా లాప్‌టాప్‌లో అప్పటికప్పుడు చేసి చూపించాను. పైన అమ్మ పేరు, కింద నా పేరు. ఒక అంకె మార్చి రికార్డు తీస్తే సాజిదా అని వచ్చింది. వరసలు తిరగేస్తే కరీమున్ అని వచ్చింది. తన పేరు చూసుకుని అమ్మ మురిసిపోయింది. సెప్టెంబరు ఇరవై మూడు వెతికితే, పొద్దుట మాబు, దాని మీద "సాయంత్రం, హయాత్". రెండింటికి ఎక్కే డ్యూటీని వాళ్ళు సాయంత్రమనే రాస్తారు.

"సోమవారం మనం వెళ్ళి చూపిద్దాం. ఆయన నోరెత్తితే నన్నడుగు" అన్నాను.

మావయ్య మొహం వెలిగింది. నేను చూశాను. కానీ ఆ వెలుగు ఎంతోసేపు లేదు.

"అంటే… ఏడు నెలల్లో నా పేరు మీద పడ్డయ్యన్నీ, నేను చేసినయ్యి కావన్నమాట" అన్నాడు.

"సగం నీవి కావు."

"అది కూడా ఆయనకి కనపడుద్దా?"

"ఏది?"

మావయ్య గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగాడు. తర్వాత అమ్మ వంటింట్లోకి వెళ్ళాక చిన్నగా అన్నాడు: "ఆగస్టు పదకొండు చూడు."

నాకు వెంటనే అర్థమైంది. కోత పూర్తయ్యే ముందు పలకల మూలలు విరగడం ఆ ఫ్యాక్టరీకి పాత జబ్బు. ఆగస్టులో ఎవరో చివరి నాలుగంగుళాలకి బ్లేడు వేగం తగ్గించేలా అంకెలు మార్చారు. మూలలు విరగడం ఆగిపోయింది. రికార్డులో మాబు అని ఉంది. పదిహేనో తారీకున జెండా ఎగరేశాక బుల్లయ్యగారు అందరి ముందూ మావయ్యకు శాలువా కప్పాడు. వచ్చే ఏడు వచ్చే కొత్త మెషినుకు మాబే ఇన్‌ఛార్జి అన్నాడు. ఆ ఆదివారం మౌలాబీ అత్తయ్య బిర్యానీ చేయించి మమ్మల్నందరినీ పిలిచింది. నేనే రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆగస్టు పదకొండు పగలు దగ్గర పేరు నాగజ్యోతి.

"ఆ రోజు మీ అత్తయ్యకి కంటి ఆపరేషను, గుంటూర్లో ఉన్నా. సెట్టింగులు చూడమని ఆ అమ్మాయికి చెప్పెళ్ళా" అన్నాడు. "పదిహేనో తారీకున ఆయన ఏం మాట్లాడతన్నాడో అర్థమయ్యేలోపు శాలువా మీద పడింది. కప్పాక తియ్యమని ఎట్టా అంటాం? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నా. ఆ అమ్మాయి కూడా నవ్వతా చప్పట్లు కొట్టిందమ్మా."

మా మావయ్య అలాంటివాడు కాదు అని మనసులో అనుకున్నాను. ఇప్పుడు అలాంటివాడే కదా అని కూడా అనుకున్నాను. చివరికి తెలివిమంతురాలిలా, "మనకు కావాల్సింది సెప్టెంబరు. అదొక్కటే చూపిస్తాను. ఆగస్టు జోలికి ఎవరూ పోరు" అన్నాను. మావయ్య సరే అనలేదు, వద్దనీ అనలేదు.

సోమవారం పదింటికి ఫ్యాక్టరీకి వెళ్ళాం. హైవే మీద లారీల రొద దాటి లోపలికి వెళ్తే మెషిను రొద. బుల్లయ్యగారి తండ్రి పొగాకు పండించేవాడు. ఈయన రాతిలోకి దిగినా గొంతు మాత్రం పొలంలో అవతలి గట్టుమీదవాణ్ణి పిలిచే గొంతే. నాగజ్యోతి లేచి నాకు తన కుర్చీ ఇచ్చింది. మావయ్య కోసం ఒక స్టూలు వేసింది. సన్నటి మనిషి, చెవి వెనక పెన్సిలు. సాయంత్రం డ్యూటీ చేసే హయాత్ ఆ రోజు ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పొద్దుట డ్యూటీకి మనిషి లేక రెండూ అతనే చేస్తున్నాడట.

నేను చెప్పడం మొదలుపెట్టాను. బుల్లయ్యగారు మధ్యలోనే అడ్డం తగిలాడు.

"ఏమ్మా, ఈ పేర్లన్నీ మీ మావయ్య నిన్న కూర్చుని కొట్టుకున్నాడని ఎందుకనుకోకూడదు?"

న్యాయమైన మాటే. నాకు నచ్చింది కూడా. "అయితే మీరే చేసి చూడండి. పైన మీ పేరు రాయండి" అని కీబోర్డు ఆయన ముందుకు తోశాను.

ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాశాడు. మందం ఇరవై ఉన్నదాన్ని ఇరవై ఒకటి చేసి, బటన్ నొక్కాడు. నేను రికార్డు తీశాను. ఇప్పుడే, ఈ నిమిషంలో, మార్చినవారు: మాబు.

బుల్లయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. మావయ్య వైపు చూశాడు. మావయ్య చేతులు కట్టుకుని ఆరడుగుల దూరంలో ఉన్నాడు.

"నా షెడ్డులో, నా కంప్యూటర్లో, నేను నా పేరు కొడితే మాబు పేరు పడుద్దా! ఇదెక్కడి ఇడ్డూరం!"

అంకె తిరిగి ఇరవై చేశాడు. మళ్ళీ మాబు. మూడోసారి చేయబోతుంటే గుమ్మం దగ్గర నుంచి హయాత్ గొంతు వినిపించింది.

"ఆ రోజు మార్చింది నేనేనండి. శాంపిల్ ముక్క కోసం పద్దెనిమిది పెట్టి, మళ్ళీ మార్చడం మర్చిపోయా. రికార్డులో మాబు పేరొచ్చేసరికి… ఆయన కూడా ఏదో మార్చుంటాడులే అనుకున్నానండి."

"అనుకున్నావా! నోట్లో బెల్లంముక్క పెట్టుకుని అనుకున్నావా!" బుల్లయ్యగారు లేచాడు. పది నిమిషాలు తిట్టాడు. ఆ తిట్లు షెడ్డులో పాలిషు పట్టేవాళ్ళకి కూడా వినపడ్డాయి. చివరికి ఊపిరి తీసుకుని, "ఇద్దర్నీ మానిపిస్తే రాయి ఎవడు కోస్తాడు, నేనా? పో, మిషను కాడికి పో" అని పంపేశాడు. తర్వాత గొంతు తగ్గించి మావయ్యతో, "రేపట్నుంచి వచ్చెయ్ మాబూ. పొరపాటయింది" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం చూసినవాళ్ళు ఊళ్ళో పెద్దగా ఎవరూ ఉండరు.

అయిపోయింది. నేను గెలిచాను. లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంటున్నాను. మావయ్య కదల్లేదు.

"సాజిదా, ఆగస్టు పదకొండు తియ్యి."

"మావయ్యా, పని అయిపోయింది కదా, పద" అన్నాను, కళ్ళతో వద్దని చెబుతూ.

"తియ్యమ్మా."

తీశాను. పైకి చదవమన్నాడు. చదివాను. బుల్లయ్యగారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నాగజ్యోతి వైపు చూశాడు. ఆ అమ్మాయి గోడకు అతుక్కుపోయింది.

"సొమ్మొకరిది సోకొకరిది. ఇన్నాళ్ళు మింగలేక కక్కలేక ఉన్నానండి" అన్నాడు మావయ్య. "తప్పు నాది కాదని ఈ ఫైలు చూపించి బయటపడి, ఒప్పు మాత్రం ఉంచుకుంటే ఎట్టా? ఉంటే రెండూ నావి. పోతే రెండూ పోవాల."

"నువ్వెందుకు చెప్పలేదే పిల్లా?" అని బుల్లయ్యగారు నాగజ్యోతి మీద అరిచాడు.

"నా పేరే రాశానండి ఆ రోజు. రికార్డులో చూస్తే మాబుగారి పేరుంది" అందామె. "మా ఇంట్లో పొలం పనంతా అమ్మ, నేను చేస్తాం. పాసుపుస్తకంలో నాన్న పేరుంటది, అమ్మినప్పుడు చీటీలో కూడా నాన్న పేరే రాస్తారు. కంప్యూటరు కూడా అంతేనేమో, పెద్దాయన పేరు మీదే వేస్తదేమో అనుకున్నానండి."

కోపంగా అనలేదు ఆ మాట. అందుకే నాకు అంత గట్టిగా తగిలింది. నాలుగు పేజీలు రాసి, సెమికోలన్ ఎందుకో పూటంతా వెతికినదాన్ని, ఈ ఫైలు చూసి ఒక మనిషి ఇలా అనుకోవచ్చని నాకు ఎన్నడూ తోచలేదు.

బుల్లయ్యగారు మావయ్య మొహం చూడకుండా, "కొత్త మిషను సంగతి మళ్ళీ ఆలోచించాల్సిందే అయితే" అన్నాడు.

"ఆలోచించండి" అన్నాడు మావయ్య. పెద్ద ఆశ వదులుకున్న మనిషి గొంతే అది, దాచుకోలేదు. కానీ అప్పటికే ఆయన స్టూలు లాక్కుని నాగజ్యోతి బల్ల ముందు కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. చివర నాలుగంగుళాలే ఎందుకు? అయిదు ఎందుకు కాదు?"

నాగజ్యోతి బుల్లయ్యగారి వైపు చూసింది, నా వైపు చూసింది.

"రెండు నెలల్నుంచి తలకాయ పగిలిపోతంది నాకు" అన్నాడు మావయ్య. "అడుగుదామంటే, అడిగితే నాది కాదని బయటపడుద్ది. ఇరవయ్యారేళ్ళు రాయి కోశాను, ఎందుకు ఆగిందో తెలీక చచ్చాననుకో."

ఆమె చెవి వెనక పెన్సిలు తీసింది. రోజంతా ఈ కిటికీ పక్కనే కూర్చుంటాను కాబట్టి కోత శబ్దం చెవిలో పడుతూనే ఉంటుందని, రాయి తెగే ముందు ఆ శబ్దం సన్నబడుతుందని, సన్నబడ్డాకే మూల విరుగుతోందని గమనించి, ఫోన్లో సెకన్లు లెక్కపెట్టానని చెప్పింది. చెబుతూ ఒక పాత ఆర్డరు కాగితం వెనక బండ బొమ్మ గీసి, బ్లేడు దిగే దారి చూపించింది.

మావయ్య కాగితం మీదికి వంగి, వేలితో ఆ గీత వెంటే పోయి, చివర ఆగాడు.

"ఆగాగు" అన్నాడు. "మొదట్నుంచి ఇంకోసారి చెప్పు."